ఉన్న పాఠంలోనే సృజన: 40 నిమిషాల పీరియడును నడిపే పద్ధతి

సృజనాత్మకత అనగానే బడిలో రంగు కాగితాలు, జిగురు సీసాలు బయటికొస్తాయి. వారానికో గంట బొమ్మలు, ఏడాదికోసారి ప్రదర్శన. లెక్కలు, సైన్సు, భాష మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. బొమ్మలు వేయడంలో తప్పేమీ లేదు, పిల్లలు కొత్తగా ఆలోచించాల్సిన చోటు అదొక్కటే అనుకోవడంలో ఉంది తప్పు. ఈ విషయంపై పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకునే నిర్వచనం చిన్నది: కొత్తది కావాలి, పనికొచ్చేదీ కావాలి. రెండో షరతును మరిచిపోయిన పీరియడ్లు సరదాగా మొదలై సరదాగానే ముగుస్తాయి, పిల్లల చేతిలో ఏమీ మిగలదు.

ఈ పద్ధతికి సిలబస్‌ను ముట్టుకోనక్కర్లేదు. 40 మంది ఉన్న తరగతి, 40 నిమిషాలు, కాగితాలు, పెన్నులు చాలు. మార్చాల్సినవి మూడు: అడిగే ప్రశ్న, నిమిషాల పంపకం, మార్కులు వేసే తీరు.

దేశం సంపదకు దీనితో ఏం పని

1957లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో అమెరికా లెక్కలు తీశారు. 1909 నుంచి 1949 దాకా ఒక్కో పనిగంటకు వచ్చే ఉత్పత్తి రెండింతలైంది. ఆ పెరుగుదలలో పెట్టుబడి, యంత్రాలు ఎక్కువ కావడం వల్ల వచ్చింది ఎనిమిదో వంతే. మిగతా ఏడు వంతులూ అదే మనిషి, అదే సరుకుతో మెరుగ్గా పనిచేయడం నేర్చుకోవడం వల్ల వచ్చాయి. అదంతా సృజనే అనలేం, చదువూ పని నిర్వహణా కూడా అందులోనే కలిసి ఉన్నాయి. అయినా సంపద ఎక్కువగా ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ లెక్క చూపించింది. 1990లో పాల్ రోమర్ దానికి కారణం చెప్పారు, 2018లో నోబెల్ అందుకున్నారు. ఒక నాగలిని ఒకేసారి ఇద్దరు వాడలేరు. నాగలి ఎలా చేయాలన్న ఆలోచనను మాత్రం ఎంతమందైనా ఒకేసారి వాడుకోవచ్చు, వాడినకొద్దీ అది అరిగిపోదు.

ఆ ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడాలనేమీ లేదు. 1956లో అమెరికా లారీల వ్యాపారి మాల్కం మెక్లీన్ 58 పెద్ద పెట్టెలను ఓడ మీదికెక్కించి సరుకు పంపారు. ఓడ పాతదే, పెట్టే పాతదే. లారీ మీదున్న పెట్టెను విప్పకుండా ఉన్నదున్నట్టు ఓడ మీదికి మార్చడమే కొత్త. టన్ను సరుకు ఎక్కించడానికి అయ్యే ఖర్చు 5.86 డాలర్ల నుంచి 16 సెంట్ల దరికి పడిపోయింది. తరగతిలో మనం అలవాటు చేయాల్సింది ఇలాంటి ఆలోచనే: తెలిసిన రెండు విషయాలను కలపడం, కలిపినదాన్ని పరీక్షించడం, సరిచేయడం.

ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమి వేర్వేరు దేశాల విద్యార్థులకు పెట్టే పీసా పరీక్ష 2022లో మొదటిసారి 15 ఏళ్ల పిల్లల సృజనాత్మక ఆలోచనను కొలిచింది. అందులో అడిగినవి మూడు రకాలు: వేర్వేరు ఆలోచనలు చెప్పడం, నలుగురికీ తట్టనిది చెప్పడం, ఉన్న ఆలోచనను తూచి మెరుగుపరచడం. 60కి 41 పాయింట్లతో సింగపూర్ ముందుంది, ఓఈసీడీ దేశాల సగటు 33. మన తరగతుల్లో ‘సృజన’ పేరుతో జరిగేదంతా మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. మూడోదానికి ఎప్పుడూ టైము చాలదు. కింది పద్ధతిలో ఎక్కువ నిమిషాలు దానికే దక్కుతాయి.

ఏ పాఠం, ఎప్పుడు

కొత్త పాఠం మొదలుపెట్టిన రోజున ఇది పెట్టకండి. చేతిలో సరుకు లేనివాళ్లు దేన్ని దేనితో కలుపుతారు? పాఠం ముప్పాతిక వంతు అయ్యాక, పునశ్చరణ చేయించే రోజు సరైన సమయం. ఎలాగూ ఆ రోజు చర్వితచర్వణమే కాబట్టి సిలబస్ వెనకబడుతుందన్న భయం ఉండదు. ‘బట్టీ వద్దు, ఆలోచన కావాలి’ అనే నినాదం సగమే నిజం. అదే 2022 పీసాలో గణితంలోనూ మొదటి స్థానం సింగపూర్‌దే. విషయం తెలిసినవాళ్లే విషయాన్ని తిరగేయగలరు.

ఎక్కాలు, అక్షరదోషాలు, ప్రయోగశాలలో జాగ్రత్తలు వంటివి దీనికి పనికిరావు. వాటికి ఒకే జవాబు ఉంది, ఒకే జవాబు ఉండటమే మంచిది.

ఒక్కో టీచరు మూడు వారాలకోసారి చేస్తే చాలు. 36 వారాల విద్యా సంవత్సరంలో 12 సార్లవుతుంది. వారం వారం పెడితే ప్రశ్నలు తయారుచేయలేక మీరే విసిగిపోతారు.

ప్రశ్న తయారీ

పీరియడు బాగుపడేదీ చెడేదీ ఇక్కడే. మిగతా అంగాలన్నీ సరిగ్గా ఉండి ప్రశ్న చప్పగా ఉంటే ఏమీ జరగదు. ప్రశ్నలో మూడు ఉండాలి: చేయాల్సిన పని, రెండు మూడు కట్టుబాట్లు, అయిందో లేదో తేల్చే కొలత.

లెక్కల ఉదాహరణ చూడండి. ‘పొడవు 8, వెడల్పు 3 సెంటీమీటర్లు. వైశాల్యమెంత?’ అంటే జవాబు ఒక్కటే, 24. దాన్ని తిరగేయండి: ‘24 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ఆకారాలు గీయండి. వాటిలో చుట్టుకొలత అన్నిటికన్నా తక్కువ ఉన్నది కావాలి.’ ముందుగా 8×3 వస్తుంది, చుట్టుకొలత 22. తర్వాత 6×4, చుట్టుకొలత 20. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, ఎందుకంటే పూర్ణాంకాలే వాడాలని ఎవరూ చెప్పకపోయినా వాళ్లే అనుకుంటారు. ఎవరో ఒకరు చతురస్రం గురించి అడుగుతారు: భుజం దాదాపు 4.9, చుట్టుకొలత 19.6. దీర్ఘచతురస్రమే కానక్కర్లేదని ఇంకెవరికో తడుతుంది. వృత్తమైతే 17.4 దగ్గర ఆగుతుంది. సూత్రం అదే, పాఠం అదే. పిల్లలు తమకు తాము గీసుకున్న గీతలు రెండు చెరిగాయి.

సైన్సులో ఉష్ణ ప్రసారానికి: ‘ఒక ఐసు ముక్క 30 నిమిషాల్లో వీలైనంత తక్కువ కరగాలి. ఒక వార్తాపత్రిక కాగితం, ఒక చేతిగుడ్డ, రెండు రబ్బరు బ్యాండ్లు మాత్రమే వాడాలి.’ ‘గుడ్డ చుడితే వెచ్చనవుతుంది కదా, ఇంకా త్వరగా కరుగుతుంది’ అని సగం మంది వాదిస్తారు. ఆ వాదన జరగనివ్వండి, పాఠం అక్కడే ఉంది. గుడ్డ వేడిని పుట్టించదు, బయటి వేడిని లోపలికి రాకుండా ఆపుతుంది. ముక్కలన్నీ ఒకే ట్రేవి కావాలి. ఏమీ చుట్టని ముక్క ఒకటి పోలికకు పక్కన ఉండాలి. కరిగిన నీళ్లను కొలవాలనుకుంటే గుడ్డ పీల్చేసుకుంటుంది, లెక్క తప్పుతుంది. మిగిలిన ముక్కనే తూచండి. ఈ ప్రశ్నకు ఆ రోజు ఆలోచనల పని అయ్యాక, తూకానికి మరుసటి పీరియడులో చోటు ఉంచుకోండి.

భాషలో అందరూ ఇచ్చేది ‘కథకు ముగింపు మార్చండి’. దీనితో పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే కట్టుబాటు లేదు. సగం కాగితాల్లో ‘అదంతా కల’ అని వస్తుంది. బదులుగా: ‘అదే సంఘటనను, ఆ గదిలో ఉండి ఒక్క మాటా మాట్లాడని పాత్ర చెప్పాలి. 80 మాటలు దాటకూడదు.’ ఇప్పుడు పిల్లలు పాఠంలోకి మళ్లీ వెళ్లి, ఆ పాత్రకు ఏం కనిపించిందో, ఏం వినిపించిందో వెతుక్కోవాలి.

కట్టుబాటు అసలు లేకపోతే అందరూ అలవాటైన దారే పడతారు. ఐదారు పెడితే ఒకే దారి మిగిలి అది పొడుపుకథ అవుతుంది. రెండు మూడు దగ్గర ఆగండి. ప్రశ్న సిద్ధమయ్యాక మీరే ఐదు నిమిషాలు కూర్చుని జవాబులు రాసి చూసుకోండి. నాలుగు వేర్వేరు రకాలు మీకే రాకపోతే ప్రశ్న మార్చాల్సిందే.

గడియారం పెట్టుకుని

0 నుంచి 3 నిమిషాలు. ప్రశ్న బోర్డు మీద రాయండి, ఒకసారి చదవండి. ఉదాహరణ చెప్పకండి. ఇది కష్టమే, నోరు ఊరుకోదు. 1991లో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో నమూనా చూసిన డిజైనర్లు దాన్నే కాపీ కొట్టారు, అందులో ఉన్న లోపాలతో సహా. పెద్దవాళ్ల పనే అలా ఉంటే పిల్లలది గొర్రెదాటు కాక ఏమవుతుంది? చూపక తప్పని చోట ఒకదానికొకటి పోలిక లేని మూడు చూపండి.

3 నుంచి 9. ఎవరికి వారు, మాట్లాడకుండా, తలా ఆరు ఆలోచనలు రాయాలి. గ్రూపులు ఇప్పుడే వద్దు. నలుగురూ కూర్చుని అరుచుకుంటూ ఆలోచిస్తే ఎక్కువ వస్తాయన్నది పాత నమ్మకం. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దాన్ని పరీక్షించారు. కలిసి ఆలోచించిన నలుగురి కన్నా, విడివిడిగా రాసి తర్వాత జాబితాలు కలిపిన నలుగురికి, ఒకేలా ఉన్నవి తీసేశాక కూడా, దాదాపు రెండింతలు వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగాలి, ఆగేలోపు తట్టింది పోతుంది. అదే ముఖ్య కారణమని 1987లో తేలింది.

ఆరో నిమిషం దగ్గర పెన్నులు ఆగిపోతాయి. అప్పుడు సాయం చేయకండి. మొదటి రెండు మూడు ఆలోచనలు తరగతిలో అందరివీ ఒకటే ఉంటాయి. అవి అయిపోయాక వచ్చే ఖాళీ తర్వాతే కొత్తవి వస్తాయి. ‘ఇంకా రెండు’ అని మాత్రం అనండి. ఆ ఖాళీని టీచర్లు భరించలేరు, అసలు చిక్కు అదే. మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతులను రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఆగేది ఒక్క సెకనే. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎక్కువమంది నోరు విప్పారు. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా మరో మూడు సెకన్లు ఆగండి. చాలాసార్లు అసలు మాట ఆ తర్వాతే వస్తుంది.

9 నుంచి 15. నలుగురు చొప్పున పది గ్రూపులు. ఇప్పటికీ మాట్లాడకూడదు. కాగితం కుడిపక్కకు ఇవ్వాలి. వచ్చిన కాగితం చదివి, దాని మీద ఒక ఆలోచన చేర్చాలి లేదా ఉన్నదానికి మెలిక తిప్పాలి. రెండేసి నిమిషాలకు ఒకసారి, మొత్తం మూడు మార్పిళ్లు. పేర్లు కాగితం వెనక రాయించండి. ముందు రాస్తే తెలివైనవాడిదని పేరున్న కాగితాన్ని ఎవరూ తాకరు.

15 నుంచి 22. ఇప్పుడు మాటలు. ఒకేలా ఉన్నవి కొట్టేసి, మిగతావాటికి రెండు గళ్లలో 0 నుంచి 3 దాకా వేయాలి: ‘కొత్తదా?’, ‘పనిచేస్తుందా?’. ఒకటి ఎంచుకోవాలి. ఎంపికను గ్రూపులకే వదిలేస్తే కొత్తదాన్ని పక్కకు నెట్టి తేలిగ్గా జరిగేదాన్ని పట్టుకుంటాయని ప్రయోగాల్లో తేలింది. అందుకే ఒక నియమం పెట్టండి: ‘కొత్తదా?’ గడిలో కనీసం 2 వచ్చినవాటిలోంచే ఎంచుకోవాలి, ‘పనిచేస్తుందా?’ 1 అయినా ఫరవాలేదు. పనిచేయనిదాన్ని తర్వాత పనిచేయించవచ్చు. పాతదాన్ని కొత్తది చేయడం అంతకన్నా కష్టం.

22 నుంచి 36. ఈ 14 నిమిషాలను దేనికీ కోసేయకండి. ఎంచుకున్న ఆలోచన ఎక్కడ విరుగుతుందో ఒక్క వాక్యంలో రాయాలి. ఆ ఒక్క చోటునే మార్చాలి. మళ్లీ ఎక్కడ విరుగుతుందో చూడాలి. రెండు సార్లు చేస్తే గొప్ప, ఒకసారైనా తప్పదు. ఇక్కడ పిల్లలకు చెప్పదగ్గ మనిషి లూయీ బ్రెయిల్. వేలితో తడిమి చదవడానికి షార్ల్ బార్బియే తయారుచేసిన ఉబ్బెత్తు చుక్కల లిపి అప్పటికే ఉంది. ఒక్కో గుర్తుకు రెండు నిలువు వరుసల్లో 12 చుక్కల దాకా చోటు ఉండేది. వేలికొన కింద అంతా ఒకేసారి ఇమడదు, వేలు పైకీ కిందికీ జరపాలి. బ్రెయిల్ దాన్ని 6 చుక్కలకు కుదించారు. ఆరింటితో 63 గుర్తులు వస్తాయి, అక్షరాలకూ అంకెలకూ విరామ చిహ్నాలకూ సరిపోతాయి. 1824లో ఆ లిపి ఒక రూపానికి వచ్చేనాటికి ఆయన వయసు 15, ఇంకా విద్యార్థే. చుక్కల ఆలోచన ఆయనది కాదు. అది ఎక్కడ విరుగుతోందో వేలితో పట్టుకోవడం, ఆ చోటును మార్చడం ఆయనవి.

36 నుంచి 40. ఒక్కొక్కరూ చిన్న చీటీ మీద రెండు వాక్యాలు రాసి ఇవ్వాలి: ఏం మార్చాం, ఎందుకు మార్చాం. ‘ఎందుకు’ లేని చీటీ వెనక్కిచ్చేయండి.

మార్కులు ఎప్పుడు, వేటికి

మొదటి రాతకు మార్కులు వేయకండి. 1988లో రూత్ బట్లర్ పిల్లలను మూడు గుంపులుగా చేసి చూశారు: ఒకరికి మార్కులు, ఒకరికి వ్యాఖ్య, ఒకరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ల పని మెరుగైంది, ఆసక్తీ నిలిచింది. రెండూ ఇచ్చినవాళ్లకు వ్యాఖ్య వల్ల లాభమేమీ రాలేదు, కన్ను మార్కు మీదికే పోయింది. బహుమతుల సంగతీ అంతే. 1973లో బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు ‘గీస్తే బహుమతి పత్రం ఇస్తాం’ అని ముందే చెప్పారు. తర్వాత ఖాళీ సమయంలో వాళ్లు గీతల మీద గడిపిన సేపు, మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. చెప్పకుండా ఇచ్చినచోట అలా జరగలేదు. ‘ఉత్తమ ఆలోచనకు బహుమతి’ అని ప్రకటించే ముందు ఇది గుర్తుంచుకోవడం మేలు.

మొదటి రాత మీద ఒక మెచ్చుకోలు, ఒక ప్రశ్న రాయండి. మెచ్చుకోలు ఫలానా చోటును చూపాలి: ‘అంచులు మడవడం వల్ల గాలి లోపల ఆగింది.’ ప్రశ్న మార్పుకు దారి తీయాలి: ‘గుడ్డ తడిస్తే ఏమవుతుంది?’ వట్టి ‘బాగుంది’ వల్ల పిల్లలకు ఒరిగేదేమీ లేదు. ఆ ప్రశ్న చూసుకుని పిల్లలు సరిచేసి తెచ్చిన రెండో రాతకు 10 మార్కులు ఇలా పంచండి. ఎన్ని రకాలుగా ఆలోచించారన్నదానికి 2, అంటే సంఖ్య కాదు, రకం. ఆరూ ‘గుడ్డ చుట్టడం’ అయితే అది ఒక రకమే. తరగతిలో ముగ్గురికి మించి రాయని ఆలోచనకు 2. పనిచేయడానికి 3. మార్పుకు, దాని కారణానికి 3. పని కుదరకపోయినా కారణం సరిగా పట్టుకున్నవాళ్లకు ఆ చివరి 3 పూర్తిగా ఇవ్వండి. ఇవ్వకపోతే తరువాతిసారి ఎవరూ తెగించరు.

సృజనకు మార్కులంటే టీచరు ఇష్టాయిష్టాలే కదా అన్న అనుమానం న్యాయమైనదే. విరుగుడు తేలిక. అదే విషయం చెప్పే ఇద్దరు టీచర్లు ఒకరి మార్కులు ఒకరు చూడకుండా పది కాగితాలు దిద్దండి. రెండు మార్కులకు మించి తేడా వచ్చినవాటి మీదే మాట్లాడుకోండి. మూడు నాలుగు సార్లకు కొలబద్ద కుదురుకుంటుంది.

చెడే చోట్లు

అన్ని గ్రూపులూ ఒకే జవాబు తెస్తే తప్పు పిల్లలది కాదు. ప్రశ్నలో కట్టుబాటు తక్కువైంది, లేదా నోరు జారి మీరే ఉదాహరణ చెప్పారు. ఒక్కడే గ్రూపును నడిపిస్తుంటే మౌనంగా రాసే 12 నిమిషాల్లో ఎక్కడో మాటలు మొదలయ్యాయన్నమాట. వెక్కిరింతగా రాసిన జవాబులను కొట్టేయకండి, ‘పనిచేస్తుందా?’ గడిలో 0 వేయించి ముందుకెళ్లండి. కోప్పడితే మిగతావాళ్లు జాగ్రత్తపడి మామూలువే రాస్తారు. ఏమీ రాయలేని పిల్లలకు ఖాళీ కాగితమే భయం. వాళ్లకు ‘దీన్ని తలకిందులు చేస్తే?’, ‘ఒక వస్తువు తీసేస్తే?’, ‘రెండు కలిపితే?’ అనే మూడు చీటీల్లోంచి ఒకటి ఇవ్వండి. ఆలోచన మాత్రం ఇవ్వకండి.

ఆడిట్ చేసినట్టు ప్రతి గ్రూపు చేతా చదివించాలనుకుంటే మాత్రం పది గ్రూపులకు 20 నిమిషాలు పోతాయి, పోయేది సరిదిద్దే సమయమే. ఇద్దరి చేత చదివించండి, మిగతావి గోడకు అతికించండి.

బడి స్థాయిలో

పరీక్షలో లేనిది పాఠంలో నిలవదు. ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉన్న బలమైన పని ఇదొక్కటే: బడి సొంతంగా పెట్టుకునే పరీక్షల్లో పదింట ఒక ప్రశ్న పై పద్ధతిలో ఉండేలా చూడటం. రెండోది, చోటు కల్పించడం. సింగపూర్ 1997లో ఆలోచించే బడుల విధానం ప్రకటించింది, దాని వెంటే పాఠ్యాంశాలను తగ్గించింది. బరువు దించకుండా ‘సృజన పెంచండి’ అని ఉత్తర్వు పంపితే దాన్ని రిజిస్టర్లో నింపుతారు, అంతకుమించి జరగదు.

ఎంచుకోని ఆలోచనలను పారేయకుండా తరగతికో పుస్తకం పెట్టండి. తేదీ, ప్రశ్న, ఆలోచన, ఎందుకు కుదరలేదు, అంతే. 1968లో స్పెన్సర్ సిల్వర్ గట్టిగా అంటుకోని జిగురు కనిపెట్టారు, దేనికి వాడాలో తెలియలేదు. 1974లో ఆర్ట్ ఫ్రై దాన్ని పుస్తకంలో జారిపోని గుర్తు చీటీకి వాడవచ్చనుకున్నారు. పోస్ట్-ఇట్ చీటీలు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. పిల్లల పుస్తకానికి అంత కాలం అక్కర్లేదు. మూడు నెలలకోసారి తెరిచి, కొత్తగా నేర్చిన పాఠంతో పాతదాన్ని దేన్నైనా బతికించగలరా అని పది నిమిషాలు అడగండి.

ఏడాది చివర ఒక్కో పిల్లవాడి మొదటి చీటీని, 12వ చీటీని పక్కపక్కన పెట్టి చూడండి. ఆలోచనల సంఖ్య పెరిగిందా అని కాదు, ‘ఎందుకు మార్చాం’ అన్న వాక్యం ఎలా మారిందో చూడండి. మొదటిదాంట్లో ‘బాగా ఉంటుందని’ అని ఉంటుంది. 12వ దాంట్లో ఒక కొలత, ఒక కారణం, లేదా పాఠంలోని ఒక మాట కనిపించాలి. కనిపించకపోతే వచ్చే ఏడాది ఆ 14 నిమిషాలకు మరో నాలుగు కలపండి, వాటిని ఎంపికకిచ్చిన ఏడింటిలోంచి తీసుకోండి.